ఉప్పు తక్కువ సముద్రం

పొద్దున తొమ్మిదికి అంగడికాడికి పోతే
షట్టరుకు బీగం.
శెట్టి వియ్యంకుడు పోయినాడంట,
రాత్రికి రాత్రే ఆదోనికి పాయ.
లోపల కుంపటికి కూడా ఈ పొద్దు సెలవే.
బుధవారం ఇంత పొడుగుంటాదని
పదకొండేండ్లలో నాకెవురూ చెప్పల్యా.

మెట్ల మీద ముగ్గురం కూచుంటిమి.
నేను, కుళ్లాయప్ప,
మేదినీపూరు నుంచి మా ప్రొద్దుటూరికి
రాళ్లు పొదిగే పనికొచ్చిన తపను.
మాబాష ఆటో ఆపి
"యాడికన్నా పోదామా?" అనె.
"బీచికి" అనె కుళ్లాయప్ప,
టీకొట్టుకు అన్నంత తేలిగ్గా.

కడప జిల్లాలో బీచి!
మాబాష నవ్వల్యా.
ఆటో జమ్మలమడుగు దిక్కు తిప్పె.

శనగ పీకేసిన చేలల్లో
నల్లరేగడి నోరు తెరుచుకోనుండాది.
వంకలో ఈతచెట్ల కింద
ఈడిగ సుంకమ్మ, ఆమె ముందర
తెల్లారి దించిన కుండ.
ఈగను చిటికెనవేలితో తీసి పారేసి
"పాలురా నాయనా, పాలు" అనె.
పాలే.
తపను దోసిలి పట్టి తాగి
మీసాలు లేని మొగానికి
నురుగు మీసాలు తెచ్చుకునె.

రెండోకాడ కల్లు పులిసినాది.
అయినా వెనక్కి తగ్గల్యా మేము.
ఎర్రగడ్డ, పచ్చిమిరక్కాయ,
ఉప్పూకారం చల్లిన శనగల పొట్లాలు నాలుగు.
మాబాష మాత్రం ప్రతికాడా నిమ్మకాయ సోడానే.
"మీరు తాగుతాంటే
నాకు రోడ్లు రెండు కనపడ్తాండాయి" అనె.

మూడోకాడ కుండ బోర్లించి
ఎటో పోయినారు.
కాపలాకు కుక్క.
కుళ్లాయప్ప దాన్ని శానాసేపు విచారించి
శనగలు పెట్టి వచ్చె.

మైలవరం కట్ట ఎక్కితే
నీళ్లు.
నీళ్ల వెనక నీళ్లు.
అవతల ఆ గుట్టలు లేకుంటే ఒట్టు, సముద్రమే!
మాలో సముద్రాన్ని చూసినోడు తపను ఒగడే.
తీర్పు వానికే వదిలేస్తిమి.

చెప్పులు విడిచె. ప్యాంటు మడిచె.
మోకాలిబంటి దిగి
వేలు ముంచి నాలిక్కి రాసుకొని
గీటురాయి మీద గీత చూసే శెట్టి మాదిరి
కండ్లు చిన్నవి చేసె.
"ఉప్పు లేదు" అనె.

కుళ్లాయప్పకు రోషమొచ్చె.
పొట్లం అడుగున మిగిలిన ఉప్పూకారం
నీళ్లలో దులిపి
"ఇప్పుడు?" అనె.

తపను మళ్లా వేలు ముంచె.
ఈసారి తొందరపడల్యా.
నీళ్ల దిక్కే చూస్తా చూస్తా
"కొంచెం వచ్చింది" అనె.

కట్ట కింద చాపలు వేపిచ్చుకొని
ముండ్లు తీసుకుంటా తింటిమి.
వాళ్లూరి నుంచి సముద్రం
సైకిలు దూరమంట.
చూసి నాలుగేండ్లాయనంట.
మాబాష అడిగితే తప్ప చెప్పల్యా వాడు,
చెప్పి ఇంకో ముక్క తీసుకునె.

మధ్యాన్నమంతా ఇసకలో పండుకుంటిమి.
కుళ్లాయప్ప గురక పెట్టె.
నేను పిడికిట్లో ఇసక పట్టి
వేళ్ల సందుల్లోంచి వదుల్తా
మెరిసిందల్లా ఏరబోతి.
చెయ్యి అలవాటు, ఏం చేస్తాం.
మెరిసేది అభ్రకమేనని
నాకు తెలీక కాదు.

మర్నాడు శెట్టి వచ్చె.
కుంపటి రాజుకునె.
సాయంత్రం అంగడి ఊడ్చి
ఆ దుమ్ము డబ్బాలో పోసేది నా వంతు.
నెలకోసారి జలగడిగేటోడు వచ్చి
అందులోని బంగారాన్ని బయటికి తీస్తాడు.
తపను నిన్నటి ప్యాంటు మడత ఇప్పితే
గుప్పెడు ఇసక రాలె.

చీపురుతో పక్కకు నెట్టబోతి.
కుళ్లాయప్ప నా దిక్కు చూసె.
డబ్బాలోనే పోస్తి.

ఈ నెల బరువు ఎక్కువుంటాది.
"ఏందప్పా ఇది" అని ఆయప్ప అడిగితే
ఏం చెప్పాల్నో
ఇంకా అనుకోల్యా.